మీటర్ల కొట్టు ముందు బల్ల

చోడవరంలో నేను మీటర్లు బాగుచేసేవాణ్ణి. కరెంటు మీటర్లు కావు. బండి తోలేవాడి కళ్లెదురుగా ఉండేవి: స్పీడుది, ఆయిలుది, ఇంజను వేడిది. అనకాపల్లి రోడ్డు మీద సైకిలు షాపుకీ టీకొట్టుకీ మధ్య ఒక్క గది నాది. లోపల ఒక టేబిలు, బయట గోడకి ఆనించి ఒక పొడుగు బల్ల. అరవైల చివర్లో ఆ బల్ల మీద చోటు దొరకాలంటే పొద్దున్నే రావాలి. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, టీ కోసం వచ్చినవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు, అందరూ అక్కడే. నాకు అమ్మా నాన్నా పోయేరు, పెళ్లి కాలేదు. అందుచేత ఇల్లన్నా వాకిలన్నా నాకు ఆ బల్లే.

వాళ్లు ఊరికే కూర్చునేవారు కాదు. వాళ్లతో నాకు పని ఉండేది. స్పీడు మీటరు సరిచెయ్యడానికి అప్పట్లో నా దగ్గరున్న సాధనం చెవి. కుట్టుమిషను మోటారుకి ఒక పళ్లచక్రం బిగించి, మీటరుని కూడా ఆ మోటారుకే తగిలించి తిప్పేవాణ్ణి. తిరుగుతున్న పళ్లకి రేకుముక్క ఆనిస్తే కూత వస్తుంది. వేగం పెరిగితే కూత సన్నబడుతుంది. పక్కన ఒక పాత హార్మోనియం పెట్టుకుని, దాని మెట్లలో ఒకదానికి ఎర్రరంగు పూసుకున్నాను. రేకు కూత ఆ మెట్టుతో కలిసిపోయిన క్షణాన ముల్లు సరిగ్గా అరవై మీద ఉండాలి. లేకపోతే లోపల ఉన్న వెంట్రుకలాంటి స్ప్రింగుని గోరుతో తోసినంత జరపాలి.

నాకున్నవి రెండు చేతులు. ఒకటి మోటారు మీద, ఒకటి రేకు మీద. మరి హార్మోనియం తిత్తి ఎవరు ఊపాలి? బల్ల మీదవాళ్లే. తీర్పు చెప్పేదీ వాళ్లే. "కలిసిందిరా" అని ఒకడంటే "నీ బొంద కలిసింది, ఇంకా కీసుమంటంది" అని ఇంకొకడు. ఒక మీటరు అరగంట పని. దాన్ని వాళ్లు పూటంతా చేసేవారు. నాకు విసుగొచ్చి "మీరు డ్రైవర్లా, భజన మేళమా?" అని కసిరేవాణ్ణి. లోపల మాత్రం ఆ మీటరు అప్పుడే కుదరకూడదని ఉండేది.

వాళ్లందరిలో పెద్దతల ఒక జీపు డ్రైవరు. నాకంటే పదేళ్లు పెద్దవాడు, గవర్నమెంటు జీపు తోలేవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ వరస కలిపేసుకున్నాం. నేను బావా అనేవాణ్ణి, అతను బామ్మర్దీ అనేవాడు. అతను ఉంటే తిత్తి ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. కళ్లు మూసుకుని ఊపుతూ, "కాసింత దించు బామ్మర్దీ... ఇంకాసింత... ఆఁ, ఇప్పుడు పడింది సూడు" అనేవాడు. అతను పడిందన్నాక నేను ఇంకోసారి చూసుకునే పని ఉండేది కాదు.

తరవాత నాకు దగ్గు పట్టుకుంది. దగ్గులో రక్తం పడింది. విశాఖపట్నం ఆస్పత్రిలో చాలా నెలలున్నాను. రోజూ ఇంజక్షను. ముందే చెప్పేరు, ఈ మందు కొందరి చెవుల మీద పనిచేస్తుందని. ప్రాణం ముందా చెవి ముందా అంటే ఏమంటాం? మొదట చెవుల్లో ఈల వేసినట్టు ఉండేది. ఆ ఈల కూడా ఆగిపోయిన రోజున నర్సు చేతిలోంచి పళ్లెం కింద పడింది. పడిందని కళ్లతో చూసేను, అంతే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, నా విషయంలో కొండనాలుక నయమైంది, అదొక్కటే తేడా.

ఊరికి తిరిగొచ్చిన మొదటిరోజు టీకొట్టుకి వెళ్లి టీ అడిగేను. మామూలుగానే అడిగేననుకున్నాను. కొట్టులో ఉన్న తలలన్నీ ఒక్కసారి నా వైపు తిరిగేయి. ఒక చంటిపిల్ల ఏడుపు మొదలెట్టింది. నేను అరిచేనన్నమాట. ఎంత అరిచేనో నాకు తెలిసే దారి లేదు. సిగ్గుతో చచ్చిపోయేను. ఆ పూట నుంచి నోరు మూసుకున్నాను. ఏది కావాలన్నా వేలితో చూపించేవాణ్ణి, తలూపేవాణ్ణి.

బల్ల ఒక్కరోజులో ఖాళీ అవలేదు. మొదట్లో వచ్చేరు, కూర్చున్నారు, నా మొహం చూస్తూ పెదాలు పెద్దవి చేసి ఏదో అన్నారు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వేను, ఎందుకో తెలీకుండానే. ఒకడు వెనక నుంచి ఏదో అనడమూ మిగతావాళ్లు అతన్ని మోచేత్తో పొడవడమూ చూసేను. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగేడట. ఆ సామెత ఎన్నిసార్లు నేనే వాడేను! దగ్గుజబ్బు భయం ఒకటి. కొందరు టీ గ్లాసు నా గ్లాసు పక్కన పెట్టేవారు కాదు. మరో పక్క పని చెడింది. చెవి లేదు కాబట్టి మీటరుని అంచనా మీద సరిచేసి ఇచ్చేను, అవి తప్పేయి. బళ్లు అనకాపల్లి వెళ్లడం మొదలెట్టేయి. హార్మోనియం మీద గుడ్డ కప్పేను. బావ కూడా రావడం తగ్గించేడు. చివరికి బల్ల మీద కూర్చునేది నేనొక్కణ్ణే.

నాకు కావలసింది వాళ్లు. మీటరు పని తిరిగొస్తే వాళ్లూ తిరిగొస్తారని నమ్మేను. రెండూ ఒకటేననుకున్నాను.

అనకాపల్లిలో ఒక సాయిబు రేడియోలు బాగుచేసేవాడు. స్ప్రింగుల కోసం పాత ముల్లు మీటరు ఒకటి కొనడానికి ఆయన దగ్గరకి వెళ్లేను. నాకు వినపడదని చెవి చూపించి తలూపేను. ఆయన అరవలేదు, పెదాలు సాగదీయలేదు. ఒక పాత రేడియోలోంచి ట్రాన్సిస్టరు తీసేడు, గింజంత గాజు గొట్టం, పైన నల్లరంగు. బ్లేడుతో ఆ రంగుని మెల్లగా గీకేసేడు. రెండు తీగలు తగిలించి, ముల్లు మీటరుకి కలిపి, నా ముందు పెట్టేడు. ముల్లు పైకి లేచింది. దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టేడు, ముల్లు పడిపోయింది. చెయ్యి తీసేడు, లేచింది. తరవాత నా చెయ్యి పట్టుకుని నాచేత అదే చేయించేడు. నల్లరంగు ఉన్నంతసేపూ అది గుడ్డిది. గీకేస్తే వెలుగు చూస్తుంది. మాట లేకుండా అంత పూర్తిగా నాతో మాట్లాడినవాడు అన్నాళ్లలో ఆయనొక్కడే. దార్లో బస్సులో కూర్చుని ఏడ్చేను.

దాన్ని పనిలోకి దించడానికి ఒక వర్షాకాలం పట్టింది. పళ్లచక్రం తీసేసి చీలికలు కోసిన రేకు చక్రం పెట్టేను. చక్రానికి ఒకవైపు లైటు, రెండోవైపు ఆ గాజుకన్ను. చక్రం తిరిగితే వెలుగు తెగి తెగి కంటి మీద పడుతుంది. ఎంత జోరుగా తెగితే సాయిబు దగ్గర కొన్న మీటరు ముల్లు అంత పైకి లేచేలా, తరవాత ఆయన కాగితం మీద గీసిచ్చినట్టే తీగలు కలిపేను. ఇక ఆ ముల్లు నిజం చెబుతోందని ఎలా తెలియాలి? దానికి ట్యూబులైటు ఉంది. అది ఒకే నిలకడగా వెలుగుతున్నట్టు కనపడుతుంది గానీ, కరెంటుతో పాటు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతూ ఉంటుంది. మన కంటికి ఆ సంగతి పట్టదు, గాజుకంటికి పడుతుంది. కన్నుని ట్యూబులైటు వైపు తిప్పితే ముల్లు ఒకచోటికి వెళ్లి నిలబడుతుంది. అక్కడ ఎర్రగీత గీసేను; ముల్లు ఆ గీత మీదకి వచ్చినప్పుడు బండి మీటరు అరవై చూపించేలా చక్రం చీలికలు లెక్కకట్టి కోసేను. హార్మోనియం మెట్టుకి పూసిన రంగు డబ్బాయే, అడుగున కాస్త మిగిలింది. సాయంత్రాలు పొలాల్లో మోటార్లన్నీ ఆడితే కరెంటు నీరసించి ఆ గీత కూడా తప్పేది, అందుకని పొద్దున్నే సరిచూసుకునేవాణ్ణి.

అప్పటికి మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చేయి. పాత జీపుల మీటర్ల మీద మైళ్ల అంకెలు చెరిపి కిలోమీటర్ల అంకెలు రాయించుకోవాలి. బావ తన జీపు మీటరు తెచ్చి టేబిలు మీద పెట్టేడు. అది ఒక రకంగా జాలి, నాకు తెలుసు. కోపం మింగేసి తీసుకున్నాను. సన్నకుంచెతో కొత్త అంకెలు రాసి, కొత్త యంత్రం మీద పెట్టి, ముల్లూ ముల్లూ కలిసేదాకా స్ప్రింగు జరిపేను. జీవితంలో అంత సరిగ్గా ఏ మీటరూ చెయ్యలేదు.

నాలుగు రోజులకి తిరిగి తెచ్చేడు. తల అడ్డంగా ఊపేడు. గడియారం చూపించేడు, ముల్లు చూపించేడు, రెండు చేతులూ విప్పేడు. అర్థమైంది. డ్రైవర్లకి మీటరు పరీక్ష ఒకటుంది. ముల్లుని అరవై మీద నిలబెట్టి తోలితే రాయికీ రాయికీ మధ్య నిమిషం పట్టాలి. పట్టడం లేదు, ఎక్కువ పడుతోంది. అతని వెనక ఇద్దరు లారీవాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లలో ఒకడి పెదాల మీద "చెవిటోడి మీటరు" అన్న మాట స్పష్టంగా చదివేను. దిక్కుమాలిన విద్య, తిట్లు ముందు వస్తాయి.

మీటరు మళ్లీ యంత్రం మీద పెట్టేను. సరిగ్గానే ఉంది. ట్యూబులైటు దగ్గర చూసేను. ఎర్రగీత మీదే ఉంది. మీటరు జీపులో బిగించి, బావ పక్కన ఎక్కి కూర్చుని, పద అని చెయ్యి ఊపేను. రోలుగుంట వైపు తోలేడు. రోజూ అతను వెళ్లే దారి అది. తారు బాగున్నచోట ముల్లు అరవై మీద నిలబెట్టేడు. ఒక రాయి దాటగానే గడియారం నా మోకాలి మీద పెట్టేడు. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. రాయి రాలేదు. రెండు వైపులా చెరుకు తోటలు వెనక్కి పోతున్నాయి. ఇంకో సగం చుట్టు పైన తిరిగింది. అప్పుడొచ్చింది రాయి.

 నా గాజుకన్ను అబద్ధం, నా ఎర్రగీత అబద్ధం. ఇంక ఆ బల్ల మీదకి ఎవరూ రారు. బావ జాలిగా నా భుజం మీద చెయ్యి వేసేడు. ఆ చెయ్యి విదిలించి, ఆపమని డాష్‌బోర్డు మీద కొట్టేను.

దిగి వెనక్కి నడిచేను. రాయి మీద సున్నం పొర కట్టి ఉంది. గోటితో గీకి అంకె చదివేను. రోలుగుంటకి ఇంకా ఎంత దూరమో రాసి ఉంది. బస్సువాళ్లు కిలోమీటర్ల లెక్కన చెప్పే దూరంతో పోల్చి చూసేను, వాళ్ల లెక్క దానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. ఇది మైలురాయి! అనకాపల్లి రోడ్డు మీద కొత్త రాళ్లు పాతేరు, ఈ రోడ్డుకి ఇంకా రాలేదు. బావ ఇరవై ఏళ్లుగా ఆ దారిన తిరుగుతున్నాడు. ఊళ్లూ మలుపులూ కంఠతా వచ్చినవాడికి రాయి మీద ఏముందో చదివే అవసరం ఏముంది? రాయంటే రాయే. అతనొక్కడే కాదు, మా వైపు డ్రైవర్లందరూ అంతే. రాళ్లు చదివేవాళ్లు పొరుగూరువాళ్లు.

అంకె మీద వేలు పెట్టి చూపించేను. మీటరు వైపు చూపించేను. బావ కాసేపు రాయిని చూసేడు. తల కొట్టుకున్నాడు. తరవాత రోడ్డు మధ్యలో పొట్ట పట్టుకుని నవ్వేడు. చప్పుడు లేని నవ్వు ఎంత పెద్దదో కళ్లతో కొలవడం అప్పటికి నేర్చుకున్నాను. చాలా పెద్దది.

ఆ సంగతి ఊరంతా పాకింది. వారంలో నా టేబిలు నిండిపోయింది. అనకాపల్లి వెళ్లిన బళ్లు వెనక్కి వచ్చేయి. నేను బల్లని తడిగుడ్డతో తుడిచి పెట్టేను.

వచ్చేరు. మీటరు టేబిలు మీద పెట్టేరు. నేను యంత్రం మీద పెట్టి, ముల్లు చూసి, స్ప్రింగు జరిపి, తిరిగి చేతికిచ్చేవాణ్ణి. టీ తాగినంతసేపు పట్టేది కాదు. తలూపేవారు, వెళ్లిపోయేవారు. తిత్తి ఊపేవాడు అక్కర్లేదు, కలిసిందో లేదో తగువులాడేవాళ్లు అక్కర్లేదు. బావ కూడా ఒకటి రెండు సార్లు తెచ్చేడు, తీసుకుని వెళ్లేడు. మనుషులు రావడానికి చేసిన యంత్రం మనుషులతో పని లేకుండా చేసింది. ఎంత వెర్రివాణ్ణి! పని వచ్చింది, బల్ల మాత్రం తుడిచింది తుడిచినట్టే ఉంది. సాయంత్రం పూట తలుపు వెయ్యాలంటే ఏడుపొచ్చేది.

నేను గుమ్మానికి వీపు పెట్టి పనిచేసేవాణ్ణి. ఎవరైనా వస్తే తెలిసేది కాదు. భుజం మీద చెయ్యి పడగానే ఉలిక్కిపడి స్ప్రింగు తెంపేసేవాణ్ణి. అందుకని ఇంకో ట్రాన్సిస్టరు గీకి, గుమ్మం పక్కన కిటికీలో, బయట బల్ల వైపు తిప్పి పెట్టేను. దానికి కలిపిన ముల్లు నా ఎదురుగా టేబిలు మీద. ఎవరైనా వస్తే వెలుగు తగ్గి ముల్లు కొంచెం దిగేది. నడిచి పోయేవాడైతే దిగి లేచేది. మబ్బు పడితే మెల్లగా దిగేది. ఆవు వచ్చి నిలబడినా దిగేది. ముల్లు దిగిన ప్రతిసారీ నా గుండె లేచేది. ఎవరో కూర్చున్నారని తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. కొన్నాళ్లకి తిరిగి చూడ్డం మానేసేను. ముల్లు దిగి ఉన్నంతసేపూ ఎవరో ఉన్నారని అనుకోవడమే బాగుండేది.

చెరుకు ఆడే రోజులు వచ్చేయి. ఫ్యాక్టరీకి వెళ్లే బళ్లు రోడ్డు పొడుగునా వరస కట్టేవి. ఒక మధ్యాహ్నం నేను ఆయిలు మీటరు విప్పుకుని కూర్చున్నాను. ముల్లు దిగింది. దిగి లేవలేదు. మబ్బు అయితే ఇంత ఉన్నట్టుండి దిగదు. నడిచిపోయేవాడైతే ఇంతసేపు ఉండడు. ఒకప్పుడు ఈ వేళప్పుడు వచ్చి కూర్చునేవాడు బావ ఒక్కడే.

తిరగలేదు. తిరిగితే వెళ్లిపోతాడేమోనని భయం. ఎన్నాళ్లకో నోరు తెరిచేను. ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో తెలీదు, తెలియనక్కర్లేదనిపించింది. "బావా, మీటరు తేకుండా ఒకసారి రా. పనిలేకుండా రా. నాకేం వినపడదు, అయినా రా. నువ్వు కూర్చుంటే చాలు. ఇల్లు లేనివాణ్ణి, నాకు ఉన్నది ఆ బల్లే. ఆస్పత్రిలో చచ్చిపోతాననుకున్న రోజుల్లో నాకు తలపుకొచ్చింది నువ్వు తిత్తి ఊపడమే." ఇంకా చాలా అన్నాను. ఆస్పత్రి సంగతులు, సాయిబు సంగతి, బస్సులో ఏడ్చిన సంగతి. గొంతు మంట పుట్టింది. అప్పుడు తిరిగి చూసేను.

గుమ్మం ముందు చెరుకుబండి ఆగి ఉంది. నిలువెత్తు చెరుకు వెలుగంతా కప్పేసింది. బల్ల ఖాళీ. బండి తోలే ముసలాయన పగ్గాలు చేత్తో పట్టుకుని, నోరు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. నేను ఇంతసేపూ చెప్పుకున్నది చెరుకు గడలకి. వరస ముందుకి కదిలింది, బండీ కదిలింది. ముల్లు లేచింది. తలుపు వేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముల్లు మళ్లీ దిగింది. ఇంకో బండి అనుకున్నాను. బుద్ధి వచ్చింది కాబట్టి వెంటనే తిరిగేను. బల్ల మీద బావ. చేతిలో మీటరు లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను బయటికి వచ్చి పక్కన కూర్చున్నాను. అతను నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని మెల్లగా అన్నాడు. ఒకసారికి అందలేదు, రెండోసారికి అందింది.

"ఒరే బామ్మర్దీ, నీకు మాట కూడా పోనాదనుకున్నాం రా."

నేను నోరు మూసుకున్నది సిగ్గుతో. వాళ్లు జబ్బు చెవులతో పాటు మాటని కూడా తీసుకుపోయిందనుకున్నారు. వినపడనివాడి ముందు, మాట లేనివాడి ముందు ఏం చెప్పి కూర్చుంటాం అనుకున్నారు. ముసలాయన ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో చెప్పేడట, ఆ మీటర్లబాబుకి మాటొచ్చిందని, ఎవరో బావ కోసం ఏడుస్తన్నాడని. బండి నుంచి బండికి, బండి నుంచి లారీకి పాకి, తెల్లారేసరికి ఇతని దగ్గరకి చేరింది. ఇదంతా అతను సైగలతో, పెదాలతో, నేల మీద గీతలతో చెప్పేడు. సగం అర్థమైంది, సగం ఊహించుకున్నాను.

"గట్టిగా అరుస్తన్నానా బావా?" అని అడిగేను.

బావ రెండు చెవులూ మూసుకుని చూపించేడు. తరవాత చేతులు తీసి, "అరవరా" అన్నాడు.

ఒక ఆయిలు మీటరు మిగిలిపోయి ఉంటే లోపలికి వెళ్లి పని పట్టేను. బావ బల్ల మీదే ఉన్నాడు. నా ఎదురుగా ముల్లు దిగే ఉంది. పని చేస్తూ, వీపు అతని వైపు పెట్టి, నోటికొచ్చింది మాట్లాడుతూనే ఉన్నాను. పొద్దు వాలింది. బయట వెలుగు తగ్గుతున్నకొద్దీ ముల్లు ఇంకా దిగి, చివరికి సున్నా మీద పడుకుంది. బల్ల మీద మనిషి ఉన్నాడో లేడో ఇంక అది చెప్పలేదు.

తిరిగి చూసేను. ఉన్నాడు.